ప్రూఫు చూడని కార్డు

కర్నూలు,
12-1-2003

పెదనాయనకు శ్రీవిద్య నమస్కారాలు.

నేను బాగున్నాను. హాస్టల్లో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మెస్సులో పొద్దున ఉగ్గాని మాత్రం తప్పకుండా వస్తోంది, అందుకని ఎవరమూ గొడవ చెయ్యడం లేదు. పెద్దమ్మ పంపిన చింతకాయ తొక్కు మూడు రోజుల్లో అయిపోయింది. నా రూములో వాళ్ళకు నా మీద ఉన్న ప్రేమ అంతా ఆ సీసా మీదేనని తెలిసింది.

ఇక అసలు సంగతి. ఎం.సి.ఏ. ఆఖరి ఆరు నెలలు ప్రాజెక్టు. ఒక ప్రోగ్రాం రాసి, దాన్ని నిజంగా ఒకచోట వాడించి, "ఇది మా దగ్గర వాడుకలో ఉంది" అని అక్కడి యజమాని చేత సంతకం పెట్టించుకొని ఏప్రిల్ ముప్పై లోపల ఇవ్వాలి. ఆ కాగితం లేకపోతే వైవాకు పిలవరు, ఏడాది ఆగాల్సిందే. క్లాసులో తక్కినవాళ్ళు బ్యాంకులూ ఆస్పత్రులూ పట్టుకున్నారు. నేను బద్వేలులో మన ప్రెస్సు పట్టుకున్నాను.

నువ్వు పని చేసే పద్ధతినే నేను రాయాలనుకుంటున్నాను. ఎవరో నీ టేబుల్ దగ్గరికి వస్తారు, "ఏం కార్డు?" అని నువ్వు అడుగుతావు. పెండ్లి అంటే పెండ్లికి, గృహప్రవేశమంటే దానికి, ఏ పదాలు ఏ వరసలో రావాలో ఏసేపు మామకు చెబుతావు. ఆయన అరల్లోంచి అక్షరాలు ఏరి కూర్చేస్తాడు. రకరకాల వస్తువుల్ని అడిగినవాళ్ళకు తయారుచేసి ఇచ్చే ఇట్లాంటి టేబుల్‌ను మా చదువులో ఫ్యాక్టరీ అంటారు. నిన్నే తీసుకొనిపోయి కంప్యూటర్లో కూచోబెడతాను.

కార్డుల రకాలు నిన్ను అడగనక్కర లేకుండానే దొరికాయి. చెడిపోయిన ప్రూఫు కాగితాల వెనకవైపు గదా నువ్వు జాబులు రాసేది. ముప్పై ఒక్క జాబులూ పెట్టెలో ఉన్నాయి. నిన్న మంచం మీద అన్నీ తిరగేసి పరిచాను. పెండ్లి, ఒడుగు, బారసాల, ఓణీలు, షష్టిపూర్తి, గృహప్రవేశం, అంగడి ప్రారంభం, మొత్తం తొమ్మిది రకాలు తేలాయి. నువ్వు ఒక్కటి చెప్పు చాలు. ఏ కార్డుకైనా సరే, తప్పకుండా ఉండాల్సినవి ఏవి?

మైదుకూరు నుంచి నాయన ఫోన్ చేశాడు. అంగడిలో బేరాలు బాగున్నాయట.

నీ కూతురు,
శ్రీవిద్య


బద్వేలు,
20-1-2003

చిరంజీవి శ్రీవిద్యను పెదనాయన ఆశీర్వదించి రాయునది.

మేము క్షేమం. వానలు లేవు, చెనిక్కాయ పంట పోయింది, అయినా పెండ్లిళ్ళు ఆగలేదు. మాఘమాసం ముహూర్తాలకు అప్పుడే పదహారు కార్డులు చేతిలో ఉన్నాయి. పెద్దమ్మ ఈసారి తొక్కు రెండు సీసాల్లో పెట్టింది, ఒకటి రూములో వాళ్ళకు చూపించకుండా దాచుకో.

నన్ను కంప్యూటర్లో కూచోబెడతానంటివి. పోయిన సెప్టెంబర్లో కొన్నప్పటి నుంచి దాని మీద పెద్దమ్మ పాత చీర కప్పి ఉంది. ఏసేపు రోజూ పొద్దున చీర తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ కప్పుతాడు. ఉత్తరాలు కొట్టుకోవడం నేర్చుకున్నాడు గానీ కార్డుకు మాత్రం అరల దగ్గరికే పోతాడు. ముప్పై రెండేళ్ళ అలవాటు. నువ్వు వచ్చి పెట్టిపో, చూద్దాం.

సంతకం సంగతి మాత్రం ముందే చెబుతున్నా. వాడందే వాడినట్టు రాయను. ఈ ప్రెస్సులో నలభై ఏళ్ళుగా నేను ప్రూఫు చదవని కాగితం గడప దాటలేదు. చదివింది నమ్మి కిందకు పంపడం, చూసింది నమ్మి సంతకం పెట్టడం, నాకు తెలిసింది అంతే. ఇంటి ఆడపిల్లవైనా అదే లెక్క. కోపం తెచ్చుకోవద్దు.

అడిగినదానికి జవాబు. ఏ కార్డుకైనా పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తర్వాత పిలిచేది ఎవరు, ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ. అడుగున "మీ రాకే మాకు ఆనందం". ఇవి లేని కార్డు నా ప్రెస్సులో లేదు.

ఈ జాబు వెనక ఉన్నది పోరుమామిళ్ళ వాళ్ళ బారసాల. పిల్లవాని పేరు రెండుసార్లు మార్చారు, అందుకని రెండు ప్రూఫులు పాడైనాయి. నీకు జాబులకు కాగితం మిగిలింది.

పెదనాయన,
నాగసుబ్బయ్య


కర్నూలు,
3-2-2003

పెదనాయనకు నమస్కారాలు.

పోయిన శని, ఆదివారాల్లో అక్కడికి వచ్చి ప్రోగ్రాం పెట్టిపోయిన దగ్గర్నుంచి నా మనసంతా ఆ చీర మీదే ఉంది. తీసి ఉంచారా, మళ్ళీ కప్పేశారా? రకం పేరు ఎంచుకొని, ఖాళీల్లో పేర్లూ తేదీలూ కొట్టడమే పని. పైన శ్రీరస్తు, కింద మీ రాకే మాకు ఆనందం అదే వేసుకుంటుంది, తెర మీద కనపడదు, అచ్చులోనే కనిపిస్తుంది. తొమ్మిదింట్లో లేనిది ఏదైనా వస్తే "ఇతరములు" అని ఎంచుకోమని ఏసేపు మామకు చూపించాను.

ఇక్కడ మాత్రం చీవాట్లు పడ్డాయి. మా రాఘవేంద్రప్రసాద్ సార్ నేను రాసింది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది మంచి గుర్తు కాదు. నేను రాసింది ఒక నిచ్చెనలాగా ఉంది. పెండ్లా? అయితే ఇది చెయ్యి. కాదా, ఒడుగా? అయితే అది చెయ్యి. అట్లా తొమ్మిది మెట్లు. "పదో రకం వస్తే ఏం చేస్తావమ్మా?" అన్నాడు. ఇంకో మెట్టు కడతానన్నాను. "కొత్త చుట్టం వచ్చినప్పుడల్లా ఇల్లు విప్పి కడతావా? విప్పిన ప్రతిసారీ పాత గోడ ఒకటి కదులుతుంది" అన్నాడు.

ఆయన చెప్పేది ఇది. టేబుల్ దగ్గర ఉన్నవానికి ఏ కార్డూ తెలియకూడదు. ప్రతి కార్డూ తానే వచ్చి "నా పేరు ఇది, నన్ను ఇట్లా చేస్తారు" అని రిజిస్టర్లో రాసుకొని పోవాలి. ఎవరు ఏ పేరు అడిగితే ఆ పేరును పిలవడమే టేబుల్ పని. ఆ పిలిచే భాగం కూడా ఒక్కో రకానికి విడిగా రాయనక్కర లేదు. ఖాళీ అచ్చు ఒక్కటి చేసి పెడితే, దాంట్లో ఏ కార్డు పేరు పెడితే ఆ కార్డును తయారుచేసేది అప్పటికప్పుడు పుడుతుంది. దాన్నే టెంప్లేట్ అంటారు. పొద్దున్నుంచి అదే ఆలోచన. టేబుల్ ఎంత తక్కువ తెలుసుకుంటే అంత మంచిది అని నోటుబుక్కులో రాసి గీత గీసుకున్నాను.

రెండో సీసా కూడా దొరికిపోయింది.

శ్రీవిద్య


బద్వేలు,
12-2-2003

చి. శ్రీవిద్యకు ఆశీస్సులు.

చీర మడిచి బీరువాలో పెట్టేశాము. పదకొండు పెండ్లి కార్డులు నీ ప్రోగ్రాంతోనే పోయినాయి. ప్రూఫులు నేనే చదివినా. తప్పులు లేవని కాదు, పేర్లలో ఏసేపు కొట్టిన తప్పులున్నాయి, నీవి లేవు. మూడు పూటల పని ఒక పూటలో అవుతోంది. ఈ వేగం చూసి మిషను మీద అచ్చు తీసే ఈరప్ప "నాకు ఊపిరాడనిస్తారా లేదా" అంటున్నాడు.

ఇట్లానే ఉంటే వచ్చే నెలలోనే సంతకం పెట్టి పంపుతాను. కానీ ఒక మాట. మొదటి జాబులో నన్ను కంప్యూటర్లో కూచోబెడతానంటివి. ఈ జాబులో టేబుల్ దగ్గరుండేవానికి ఏమీ తెలియకూడదంటావు, ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిదంటావు. కూచోబెట్టినది నువ్వే, లేపుతున్నదీ నువ్వే. నేను చదువుకున్నది ఎనిమిదో తరగతి. మీ సారు ఎంత చదువుకున్నాడో నాకు తెలియదు. కానీ కందుకూరి వాళ్ళింటి పెండ్లి కార్డులో వరుని తాత పేరు ముందు "కీర్తిశేషులు" పడి ఉంటే, ఆయన నా ఎదురుగా బెంచీ మీద కూచొని టీ తాగుతుంటే, దాన్ని పట్టుకున్నది ఏమీ తెలియని టేబులు కాదు, నేను.

పెద్దమ్మ నా భుజం మీద నుంచి ఇది చదివి, పిల్ల చదువు గురించి రాస్తే నీ గురించి అనుకుంటావేమి అని తిడుతోంది. సరే.

నాగసుబ్బయ్య


బద్వేలు,
25-2-2003

శ్రీవిద్యకు,

కంప్యూటర్ మీద మళ్ళీ చీర కప్పించాను.

మహానంది తెలుసు కదా, సిద్ధవటం రోడ్డులో సైకిల్ అంగడి. వాళ్ళమ్మ గిడ్డమ్మ పదకొండో తేదీన పోయింది. ఆ కార్డు మన దగ్గరే అచ్చైంది. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని వచ్చింది. అడుగున మీ రాకే మాకు ఆనందం అని వచ్చింది. నూటయాభై కార్డులు. మహానంది వాటిని సంచిలో పెట్టుకొని పోయి, ఇంటి దగ్గర తీసి చూసి, మరుసటి రోజు పొద్దున మళ్ళీ సంచిలో పెట్టుకొని వచ్చినాడు.

నేనూ ఏసేపూ కూచొని అక్షరాలు కూర్చి, సాయంత్రానికి వేరే వేసి ఇచ్చాము.

సంతకం గురించి నన్ను అడగొద్దు.

నాగసుబ్బయ్య


కర్నూలు,
2-3-2003

పెదనాయనకు,

నీ జాబు చదివి ల్యాబుకు పోలేదు. మహానందన్న ముఖం కళ్ళ ముందు కనపడుతోంది. చిన్నప్పుడు నా సైకిల్‌కు ఆయనే గాలి కొట్టేవాడు.

తప్పు నాదే. కానీ ఎట్లా జరిగిందో చెప్పనివ్వు. నీ జాబులన్నీ మళ్ళీ పరిచాను. ముప్పై నాలుగైనాయి. అన్నీ తిప్పితిప్పి చూశాను. ఒక్కదాని వెనక కూడా ఆ కార్డు లేదు. రకాలన్నీ వీటిలో ఉన్నాయనుకున్నాను. శ్రీరస్తు లేని కార్డు నా ప్రెస్సులో లేదని నువ్వూ రాశావు, అది నీ చేతిరాతే, ఇప్పుడు నా ముందు ఉంది. అందుకే దాన్ని అన్నిటికీ అడుగున ఉండే పునాదిలో పెట్టేశాను. పునాదిలో పెట్టినది పైన ఏది కట్టినా వస్తుంది. అది వద్దు అని చెప్పే దారి ఏ కార్డుకూ ఇవ్వలేదు. ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఆ కార్డులు వేస్తున్నప్పుడు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు పెదనాయనా?

ఇంకొకటి కూడా అర్థం కాలేదు. ఏసేపు మామకు ముప్పై రెండేళ్ళ అనుభవం. అచ్చైన కాగితం చేతికొచ్చినప్పుడు పైన లైను ఆయనకెట్లా కనపడలేదు? నువ్వు ప్రూఫు చూసేవరకూ ఆగమని చెప్పలేదా?

కోపంగా రాశానేమో. ఏడాది పోతుందని భయంగా ఉంది. ఉద్యోగానికి పోవాలని ఉంది, ఇంకో ఏడాది నాయన మీద భారం వెయ్యడం నాకిష్టం లేదు. నువ్వు వాడకుండా సంతకం పెట్టొద్దు, నాకూ ఆ అబద్ధం వద్దు. కానీ మిగిలిన రకాలు ఏవేవో చెప్పు. కొత్తగా రాస్తాను. ఈసారి పునాదిలో ఏమీ ఉండదు. పైన ఏం వెయ్యాలో ప్రతి కార్డునూ అడుగుతుంది, కార్డు చెబితే వేస్తుంది, చెప్పకపోతే ఊరుకుంటుంది.

శ్రీవిద్య


బద్వేలు,
13-3-2003

నా తల్లి శ్రీవిద్యకు పెదనాయన ఆశీస్సులు.

ఏసేపును అనొద్దు. ఆ పొద్దు ఏసేపు లేడు. కూతురు ప్రేమజ్యోతికి సంబంధం చూడటానికి భార్య జీవమ్మతో కలిసి కోడుమూరు పోయినాడు. ఆ కార్డు కొట్టినది నేనే.

మహానంది వచ్చి తొందరగా కావాలన్నాడు. ఏసేపు లేకపోతే ప్రెస్సు నిలిచిపోతుందా అని నేనే కుర్చీలో కూచున్నా. ఇతరములు అని ఎంచుకున్నా. ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి కొట్టినా, గంటన్నర పట్టింది. అచ్చు వచ్చింది. ప్రూఫు చూడలేదు తల్లీ. పదకొండు కార్డులు తప్పు లేకుండా వచ్చినాయి గదా, అది చూసుకుంటుందిలే అనుకున్నా. పైగా నేనే కొట్టినానని సంబరం. ఈరప్పకు ఇచ్చి ఇంటికి పోయి అన్నం తిన్నా. నలభై ఏళ్ళలో నేను చదవకుండా పంపిన మొదటి కాగితం అది. ఆ సిగ్గుతోనే ఆ జాబు అట్లా రాసినా. నీ మీద కోపంతో కాదు.

ఇక నువ్వు అడిగినది. ఆడపిల్లకు రాసే జాబులో ఆ సంగతి ఎట్లా రాస్తాను? ఆ ప్రూఫులు ఇంట్లోకే రావు. చదవడం కాగానే అక్కడే నాలుగు ముక్కలు చింపి బయట పారేస్తాము. పరాయి ఊళ్ళో ఒంటరిగా చదువుకునే పిల్లకు దాని వెనక క్షేమసమాచారం రాస్తానా? శ్రీరస్తు లేని కార్డు లేదని రాసినప్పుడు కూడా అబద్ధమని అనుకోలేదు. అది లెక్కలో చెప్పే రకం కాదని మాత్రమే అనుకున్నా. నీ కంప్యూటర్‌కు ఇట్లాంటి మర్యాదలు తెలియవని నాకు తట్టలేదు.

మహానంది ఏమన్నాడో చెప్పాలి. కార్డులు టేబుల్ మీద పెట్టి, "మా యమ్మ బతికినన్నాళ్ళూ ఎవురికీ చెడ్డ కోరలేదు. పోయినాంక గూడా శుభమే అనిందనుకుంటా. గానీ మా మేనత్తలు శానా గట్టోళ్ళు, సూస్తే నన్ను బతకనియ్యరు. మార్చియ్యి సుబ్బయ్యా" అన్నాడు. దానికి నేను ఏడ్వాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసినా.

మిగిలిన రకాల పట్టీ వేరే కవర్లో బస్సులో పంపుతున్నా. ఈ జాబుతో కలపలేదు. రాసుకున్నాక అది చింపెయ్యి, పెట్టెలో దాచొద్దు. క్రైస్తవుల కార్డులు కూడా నీ లెక్కలో లేవు. అవి ఏసేపుకు నోటికి వచ్చు, తానే కూరుస్తాడు, ఎప్పుడూ ప్రూఫు పాడు కాదు, అందుకే వాటి వెనక నీకు జాబు రాలేదు.

ప్రేమజ్యోతికి సంబంధం కుదిరింది. పిల్లవాడు యేసుప్రసాద్ అని టీచరు. పెద్దమ్మ నీకు ఇంకా తొక్కు పంపాలా అని అడుగుతోంది. నేను పంపమన్నాను.

నాగసుబ్బయ్య


కర్నూలు,
4-4-2003

పెదనాయనకు, పెద్దమ్మకు నమస్కారాలు.

నువ్వు ఆ కార్డు కొట్టావని చదివి నాకు నీ మీద ఇంకా ప్రేమ పెరిగింది. గంటన్నర కూచున్నావా? పట్టీ అందింది, చింపేశాను. ఎండకు తుంగభద్రలో రాళ్ళు తేలాయి. ఉగాదికి మెస్సులో పచ్చడి పెట్టారు, అందులో చేదు తప్ప ఏమీ లేదు. పెద్దమ్మ తొక్కుతో సర్దుకున్నాము.

ఈ కవర్లో ఫ్లాపీ ఉంది. అంతా కొత్తగా రాశాను. ఇప్పుడు టేబుల్‌కు పెండ్లి తెలియదు, బారసాల తెలియదు, ఆ కార్డూ తెలియదు. ఫిబ్రవరిలో నీకు కోపం వచ్చిన మాట ఇదే, మళ్ళీ రాస్తున్నాను, కోప్పడకుండా చదువు. టేబుల్‌కు తెలియకూడదన్నది నిన్ను లేపడానికి కాదు. అన్నీ తెలిసిన మనిషి ఒక్కడే ఉంటే, ఆయన ఒక పూట అన్నానికి పోయినా అందరూ ఇబ్బంది పడతారు. ప్రతి కార్డుకూ తన సంగతి తనకు తెలిస్తే, నువ్వు నింపాదిగా తిని రావచ్చు.

ఒక్కో రకానికి ఒక్కో చిన్న కాగితమంత రాత ఉంది, ఇరవై రెండు లైన్లు. కొత్త రకం కావాలంటే పాతదాన్ని నకలు తీసి నాలుగే తావులు మార్చాలి. పేరు, పైన ఏం వెయ్యాలి, మధ్యలో ఏమేం అడగాలి, అడుగున ఏం వెయ్యాలి. ఆఖరి లైను ఆ పేరును రిజిస్టర్లో రాసేది, దాంట్లోనూ పేరు ఒక్కటే మారుతుంది. టేబుల్‌నూ తక్కిన రకాలనూ ముట్టుకోనక్కర లేదు. మాదిరికి ఒక కాగితం అచ్చు తీసి, మార్చాల్సిన తావుల కింద ఎర్ర గీతలు గీసి పెడుతున్నాను. బారసాలది పెట్టాను, ఆ కార్డుది కాదు, భయపడొద్దు. క్రైస్తవుల పెండ్లి కార్డు రాయడానికి నాకు టైము లేదు, పరీక్షలున్నాయి. వైవా అయ్యాక వచ్చి ఏసేపు మామ దగ్గర కూచొని రాస్తాను.

ఏప్రిల్ ముప్పైకి ఇరవై ఆరు రోజులుంది. సంతకం అడగను. చీర మాత్రం ఒకసారి తియ్యి.

శ్రీవిద్య


బద్వేలు,
24-4-2003

చి. శ్రీవిద్యను పెదనాయన నాగసుబ్బయ్య మనసారా ఆశీర్వదించి రాయునది.

ఈ జాబు రిజిస్టరు పోస్టులో వస్తోంది, దస్తఖత్తు పెట్టి తీసుకో. చీర తీసిన రోజు నుంచి చెబుతాను.

నీ ఫ్లాపీ వచ్చినాక ఏసేపు దాన్ని పెట్టినాడు. మూడు కార్డులు వేశాము. అన్నీ మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివినా. మూడింట్లో ఒకటి ఆ రకం. పైన ఖాళీగా, మర్యాదగా వచ్చింది. అయినా నాకు ధైర్యం చాలలేదు. ఇంకా నాలుగు చూద్దాం, ఇంకా నాలుగు చూద్దాం అని వాయిదా వేసుకుంటూ వచ్చినా. ఇంతలో రాజంపేట నుంచి మీ పద్మప్రియక్క కబురు చేసింది, రెండో కాన్పు బిడ్డకు బారసాల అని. నేనూ పెద్దమ్మా పోయి ఎనిమిది రోజులున్నాము. ప్రెస్సు తాళాలు ఏసేపుకిచ్చి, నేను వచ్చేదాకా కొత్త పనేదీ పట్టుకోవద్దని చెప్పి పోయినా. బిడ్డ బొద్దుగా ఉంది, ముక్కు మాత్రం మన ఇంటిదే, పాపం.

మొన్న సోమవారం సాయంత్రం ఏసేపూ జీవమ్మా ఇంటికి వచ్చినారు. ఉతికిన బట్టలు కట్టుకొని, పళ్ళెంలో పండ్లు పెట్టుకొని వచ్చినారు. ఏసేపు ముప్పై రెండేళ్ళుగా నా ఇంటికి వస్తున్నాడు, ఎప్పుడూ పెరటి దారినే పిలుచుకుంటూ వస్తాడు. ఆ రోజు వీధి వాకిట్లో నిలబడి పిలిచినాడు. కూచోబెట్టినాము. జీవమ్మ పెద్దమ్మకు పండ్లిచ్చింది. ఏసేపు రెండు చేతులతో నాకు ఒక కవరు ఇచ్చినాడు.

తీస్తే కార్డు. ప్రేమజ్యోతి పెండ్లి. పైన దేవునికి స్తోత్రము అని ఉంది, దాని కింద బైబిలు వాక్యం ఉంది. శ్రీరస్తు లేదు, లగ్నం లేదు. నేను చూడని కార్డు.

"యాడ అచ్చేపిచ్చినావప్పా?" అన్నా. కడపకు పోయినాడేమోనని మనసులో కొంచెం నొచ్చుకున్నా.

"ఈడనే, మన ప్రెస్సులోనే సెట్టిగారూ. మీరు ఊళ్ళో లేకపోతిరి."

"శ్రీవిద్య వచ్చిందా?"

"రాలేదు. ఆ పాప ఎర్ర గీతలు గీసిచ్చిన కాయితం ఉండాది గదా, దాన్ని ముందర పెట్టుకొని కూర్చినా. నాలుగు తావులే మార్చినా. తక్కినదాని మింద చెయ్యి పెట్టలా."

"అదంతా ఇంగ్లీషు గదప్పా, నీకు అర్థమైందా?"

"ఇస్కూలు పరీక్ష పేపర్లు ముప్పై ఏండ్లు ఇంగ్లీషులో కూర్చినా. ఏందో ఒకటి అర్థమైందా నాకు? చూసిన అచ్చరం చూసినట్టు పెడితే మాటరు తప్పు పోదు. ఇది శానా మేలు సెట్టిగారూ. తప్పు పెడితే ఏ లైనులో పెట్టినానో నెంబరు చెప్తాది. పద్నాలుగు సార్లు చెప్పె. ఒక్కసారి గూడా అరవలేదు."

జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. పెద్దమ్మ అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

మరుసటి రోజు పొద్దున పోయి, కంప్యూటర్లో మన పాత రకాలన్నీ ఒక్కొక్కటి అచ్చు తీసి చూసినా. పెండ్లి, ఒడుగు, ఆ రకం, అన్నీ. ఏసేపు కొత్తది పెట్టినా ఒక్కటీ కదల్లేదు. కొత్త చుట్టం వచ్చింది, గోడలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మీ సారుకు ఈ మాట చెప్పు, కళ్ళద్దాలు తుడుచుకోనక్కర లేదని చెప్పు.

అయితే నేను సంతకం పెట్టింది దానికి కాదు. సోమవారం సాయంత్రమే మనసులో పెట్టేసినా. ఏసేపు కవరు ఇచ్చినప్పుడు నా చెయ్యి అలవాటు కొద్దీ చెవి వెనక పెన్సిలు కోసం పోయింది. పెన్సిలు లేదు. ఇంట్లో ఉన్నాను గదా. ఊరికే చదివినా. ప్రేమజ్యోతికి మే ఎనిమిదిన, గురువారం ఉదయం పదిన్నరకు చర్చిలో పెండ్లి, మీరు వచ్చి దీవించండి అని ఉంది. ఈ ఊళ్ళో పెండ్లిళ్ళకు నలభై ఏళ్ళుగా పిలుపులు అచ్చేస్తున్నా. అన్నీ నేను ముందే చదివినవే. అవి ఇంటికి వచ్చేసరికి అందులో నాకోసం ఏమీ మిగిలేది కాదు, తప్పులు ఉన్నాయా లేవా అని చూసి గూట్లో పెట్టేవాణ్ణి. ఎవరో నన్ను పెండ్లికి రమ్మని పిలుస్తున్నారని కార్డు చదివితే తెలియడం ఇదే మొదటిసారి తల్లీ. కళ్ళు తడిసినాయి. ఏసేపు చూసి, "ఏం సెట్టిగారూ, తప్పు పోయిందా?" అని భయపడినాడు. లేదప్పా, వస్తామని చెప్పినా.

నువ్వు కూడా రావాలి. వైవా ఎప్పుడో రాయి. మీ నాయనకు నేను ఫోన్ చేసి చెబుతా.

కాగితం దీనితోనే ఉంది. నువ్వు పంపిన మాదిరిలో ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ముద్ర వేశాను. మీ సారు ఒప్పుకుంటాడో లేదో గానీ అడుగున నా తరఫున ఒక లైను కలిపినా. ఒప్పుకోకపోతే కొట్టెయ్యమను, నేను రాసినది మాత్రం నిజం. "శ్రీవిద్య చేసిన ఈ ప్రోగ్రాం మా ప్రెస్సులో వాడుకలో ఉన్నది. నేను ఊళ్ళో లేనప్పుడు కూడా."

పెదనాయన,
నాగసుబ్బయ్య